పత్తి మీద నేర్చిన పట్టు

“పెట్టనని చెప్పాగా! ఎన్నిసార్లు చెప్పాలి?”

నగ్మా ఆ కాగితాన్ని మూడోసారి తల్లి వైపు తోసింది. అది మంచం మీంచి జారి నేల మీద పడింది. తీయడానికి ఎవరూ వంగలేదు.

అకాడమీ నడిపించే చలమయ్య గారు పొద్దున్నే కారు పంపి మరీ అందజేసిన కాగితం అది. ఎనిమిది లైన్లు టైపు కొట్టించాడు. మార్టూరు కబడ్డీ టోర్నమెంటులో చీరాల అమ్మాయి ఉదయశ్రీని ఎత్తి పడేసింది తానేననీ, కోచ్ వద్దని వారించినా వినకుండా ఆవేశంలో చేశాననీ, ఇందులో కోచ్‌కు గానీ అకాడమీకి గానీ ఏ సంబంధమూ లేదనీ ఉంది. కింద ‘ఇట్లు, షేక్ నగ్మా’ అని పేరు కూడా వాళ్ళే కొట్టేశారు. ఇక సంతకం ఒక్కటే తక్కువ.

రేపు పదింటికి ఒంగోలులో కబడ్డీ సంఘం విచారణ. అప్పటికి ఈ కాగితం అక్కడ బల్ల మీద ఉండాలట.

“రెండేళ్ళు ఆడనివ్వరు, అంతేగా,” అంది నసీమున్నీసా. ఆదివారం నుంచి ఐదు రోజులుగా సరిగా తిండి లేక ఆమె గొంతు పీలగా వస్తోంది. “అప్పటికి నీకు ఇరవై ఒకటి. నువ్వు పుట్టాక కూడా నేను ఆడాను. నా పేరు బయటికొస్తే అకాడమీకి తాళం వేస్తారు. ఇరవై రెండు మంది పిల్లలు నగ్మా. వాళ్ళల్లో సగం మందికి ఆ హాస్టలు అన్నమే అన్నం.”

“నేను ఆట గురించి మాట్లాడట్లేదమ్మా.”

“మరి దేని గురించి?”

“నువ్వు భుజం మీద కొట్టుకున్నావు. రెండుసార్లు. నేను చూశాను.”

నసీమున్నీసా కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. బయట చూడటానికేమీ లేదు. కోల్డ్ స్టోరేజీకి వెళ్ళే లారీ ఒకటి మిర్చి ఘాటు వదిలిపెట్టి పోయింది. పక్కింట్లో ఎవరో దగ్గారు.

“బయట చెప్పమనట్లేదు,” నగ్మా గొంతు తగ్గించింది. “ఒంగోలులో చెప్పొద్దు, చలమయ్య గారికి చెప్పొద్దు. ఈ గదిలో చెప్పు. నేనే సైగ చేశానే నగ్మా అని ఒక్క మాట అను. అప్పుడు పెడతా సంతకం.”

ఆ ఒక్క మాటకే ఐదు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదు.

సైగ సంగతి ఆ ఇంటి వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. హమాలీ మనిషి బస్తా వేయించుకోవడానికి సిద్ధమైతే కుడి భుజం మీద చేత్తో రెండుసార్లు చరుచుకుంటాడు. వేయండి అని దానర్థం. నగ్మా తండ్రి బుడాన్ ముప్పై ఏళ్ళుగా అలా చరుచుకుంటూనే ఉన్నాడు. భర్త దగ్గర ఆ సైగ తీసుకుని, ఎత్తి పడెయ్ అనే అర్థంతో, కోచ్‌గా గీత అవతల నిలబడి కూతురికి పంపింది నసీమున్నీసా. ఆదివారం ఒక్కటే పాయింటు తేడా, ఒక్కటే నిమిషం ఆట మిగిలి ఉంది. ఉదయశ్రీ కూతకు వచ్చింది. నగ్మా గీత వైపు చూసింది. తల్లి చెయ్యి భుజం మీద రెండుసార్లు పడింది.

పట్టు కూడా బుడాన్‌దే. మిర్చి బస్తాను టిక్కీ అంటారు, నలభై కిలోల పైమాటే. దొంతి మీంచి టిక్కీని ఒంటి మనిషి దించాలంటే అడుగున రెండు చెవులూ పట్టుకుని లాగి, భుజంతో పొట్టలో ఒక్క తోపు తోయాలి. మిగతా పని దాని బరువే చూసుకుంటుంది. తల కిందులై వచ్చి పడుతుంది. రెండు చెవుల బదులు రెండు చీలమండలు పట్టుకుంటే మనిషి కూడా అలాగే వస్తుందని కనిపెట్టింది నసీమున్నీసా. అది నేర్పిన ఏడాది తమ పర్చూరు అకాడమీ అమ్మాయిలు ఎక్కడ ఆడితే అక్కడ గెలిచారు. అందరూ ‘నసీమ్ మేడమ్ పట్టు’ అన్నారు. ఇప్పుడదే నగ్మా పట్టు అయి కూర్చుంది. గెలుపుకు అమ్మానాన్నలు చాలామంది ఉంటారు, దెబ్బ తగిలిన రోజున చూడాలి మరి!

“టిక్కీ దించమన్నాను,” కిటికీ వైపే చూస్తూ అంది నసీమున్నీసా. “అది నిజమే. మెడ మీద దించమన్నానా?”

“టిక్కీ తల కిందికే కదమ్మా వచ్చేది. ఇంకోలా దించడం ఎప్పుడు నేర్పావు?”

“నువ్వు మరీ ఎత్తు లేపావు.”

“పత్తి కుప్ప మీద ఎంత లేపానో అంతే లేపాను.”

“ఎదురు మాట్లాడకు.”

“మన టీమ్ రెబెకాను వందసార్లు పడేశాను దాని మీద. నవ్వుకుంటూ లేచేది. జుట్టు నిండా దూదితో. నువ్వూ నవ్వేదానివి. దెబ్బ తగలదు, చూశారుగా అని అందరికీ చెప్పేదానివి. నేల మీద ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చేయించావా అమ్మా?”

గడప దగ్గర గొంతుక్కూర్చున్న బుడాన్ తల ఇంకా కిందికి దించుకున్నాడు. పత్తి కుప్ప ఆలోచన ఆయనది. చలమయ్య గారి జిన్నింగ్ మిల్లు ఆవరణలో కొండలా పోసి ఉండే పత్తి. పిల్లలకు దెబ్బలు తగలకుండా దాని మీద నేర్పుకోనివ్వమని అడిగి ఒప్పించింది ఆయనే. బుడాన్ తాత ఊరూరా తిరిగి దూదేకినవాడు. దూది ఎవరినీ నొప్పించదన్నది ఆ ఇంట్లో నమాజంత నమ్మకం. నొప్పి తెలియని చోట పిల్లలు ఏం నేర్చుకున్నారో ఎవరూ ఆలోచించలేదు. మార్టూరులో కోర్టుకు పోసింది రాతి పొడి. తడిపి, రోలరు తొక్కించి, బండలా చేశారు.

రిఫరీ ముందు విజిల్ వేసి పాయింటు ఇచ్చాడు. ఆ తరువాత చూశాడు, పిల్ల లేవడం లేదని.

“నువ్వన్నా చెప్పవేంటి?” నసీమున్నీసా భర్త మీదికి తిరిగింది. “ఐదు రోజులుగా పనికి పోకుండా అట్టా కూర్చుంటే అయిపోతుందా?”

“పోయానుగా సోమవారం,” అన్నాడు బుడాన్. “మొదటి టిక్కీ చెవులు పట్టుకున్నా. చేతుల్లో ఆ పిల్ల కాళ్ళు ఉన్నట్టే ఉంది. వదిలేసి వచ్చా.”

ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు.

ఫోను మోగింది. చలమయ్య గారే. నసీమున్నీసా స్పీకరు నొక్కింది.

“ఏమ్మా కోచ్ గారూ, అయిందా?”

“పెడుతుందండీ. కొంచెం భయపడుతోంది.”

“భయమెందుకమ్మా? చిన్నపిల్ల, ఆవేశంలో చేసింది, ఒకటి రెండేళ్ళు బయట కూర్చుంటుంది. లోపల మాట లోపలే ఉండాల. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది, తెలుసుగా? అయిదింటికి కారు పంపుతా.”

“అట్టాగేనండీ.”

ఫోను పెట్టేశాక ముగ్గురూ కాగితం వంకే చూశారు. ఫ్యాను గాలికి దాని అంచు లేచి పడుతోంది.

“నన్ను మా కోచ్ కర్రతో కొట్టేవాడు,” నసీమున్నీసా ఉన్నట్టుండి అంది. “ఈ చిటికెన వేలు చూడు, వంకర. ఆయన విరిచిందే. ఇంట్లో చెప్పుకోలేదు. అట్టా పడితేనే ఆట వస్తుందని అనుకున్నాం. నేను మిమ్మల్ని ఒక్క దెబ్బన్నా కొట్టానా? పత్తి మీద పెంచాను.”

“ఆ పిల్లను పత్తి మీద పడేయలేదుగా నేను,” అని నగ్మా వెక్కి వెక్కి ఏడ్చింది.

తల్లి కదల్లేదు. దగ్గరకు తీసుకుందామని చెయ్యి లేచింది గానీ సగంలో ఆగిపోయింది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. సున్నం గీత లోపల ఆమె మేడమ్, గీత దాటి చెప్పులు వేసుకున్నాక అమ్మ. పదకొండేళ్ళప్పుడు నగ్మా కోర్టులో నోరు జారి ‘అమ్మా’ అన్నందుకు గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారి కూడా తడబడలేదు. కోర్టులో అమ్మ లేదు, ఇంట్లో మేడమ్ లేదు. ఇప్పుడు ఏడుస్తున్న పిల్లను ఎవరు ఓదార్చాలో నసీమున్నీసాకే తెలియలేదు.

గేటు చప్పుడైంది.

“కబడ్డీ మేడమ్ గారి ఇల్లు ఇదేనాండీ?”

నలభై అయిదేళ్ళు ఉంటాయేమో ఆమెకు. వెలిసిన నేత చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి. చెప్పులు గేటు దగ్గరే విడిచింది.

“ఇదేనమ్మా,” బుడాన్ లేచాడు. “తమరెవరు?”

“మాది చీరాల. నా పేరు పేరమ్మ. ఉదయశ్రీ వాళ్ళమ్మను.”

బుడాన్‌ లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కుర్చీని చూసి, గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుంది.

“మగ్గం మీద కూర్చునే నడుం. కుర్చీ పడదు నాకు.”

నసీమున్నీసా మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు విసిరికొడుతుందేమోనని చూసింది. పేరమ్మ గ్లాసెడు నీళ్ళూ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డవాళ్ళకు ఎదుటి మనిషి నెమ్మదిగా నీళ్ళు తాగితే ఏం చేయాలో తోచదు.

“నేను పోట్లాటకు రాలా,” అంది పేరమ్మ. “గుంటూరు ఆసుపత్రి నుంచే వస్తున్నా. మా చెల్లిని దాని దగ్గర కూర్చోబెట్టి వచ్చా. నాలుగున్నరకు మళ్ళీ బస్సుంది.”

“ఎట్టా ఉందమ్మా బిడ్డ?” అని అడిగింది నసీమున్నీసా. బుధవారం ఆ ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, లోపలికి పోలేక తిరిగి వచ్చిన సంగతి ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు.

“మాట్లాడుద్ది. చేతులు కొంచెం ఎత్తుద్ది. నడుం కింద మాత్రం ఏం లేదు. అరికాలు గిల్లి, తెలుస్తోందా అంటే, నా మొహం చూసి తెలుస్తోందమ్మా అంటది. నిన్న గిల్లకుండా అడిగా. అప్పుడూ తెలుస్తోందనే అంది.”

బుడాన్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

పేరమ్మ చూపు మంచం అంచున ముడుచుకున్న నగ్మా మీదికి పోయింది. “నువ్వేనా తల్లీ?”

నగ్మా తలూపింది.

“చిన్నదానివే. మా దానికన్నా ఒక ఏడు పెద్దుంటావేమో. ఇట్టా రా.”

నగ్మా వచ్చి ఎదురుగా కూర్చుంది. పేరమ్మ ఆమె రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. నేత దారం కోసిన ఆమె వేళ్ళు గరుకుగా ఉన్నాయి.

“నాకు కాళ్ళు నొప్పి పుడితే మగ్గం గుంటలో అది దిగి తొక్కేది. ఆ కాళ్ళు కదులుతుండగా ఆఖరుసారి పట్టుకున్నవి ఈ చేతులే. అందుకని చూద్దామనిపించింది.”

నగ్మా చేతులు వెనక్కి లాక్కోలేదు.

“అమ్మా, నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు,” అంది.

“అది తరువాత. ముందు నాకొకటి తెలియాలి. రేపు నన్నూ రమ్మన్నారు ఒంగోలుకు. నిన్న చలమయ్య గారి మనిషంట, ఆసుపత్రికి వచ్చాడు. ‘ఆ పిల్ల పగబట్టి చేసిందమ్మా, ఎవరి మాటా వినలేదు, నువ్వు పోలీసు కేసు పెట్టు, మేం సాక్ష్యం చెప్తాం. ఆ పిల్ల ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితం కూడా రేపటికి మా దగ్గరుంటది’ అన్నాడు.”

నసీమున్నీసా కాగితం వైపు చూసింది. రెండేళ్ళు బయట కూర్చుంటుంది, అంతే అన్నాడు కదా! కారులో పంపిన కాగితం జైలుకు దారి తీసేదన్నమాట. నేల మీదున్న కాగితాన్ని ఆమె పాదంతో మంచం కిందికి నెట్టబోయింది. పేరమ్మ అప్పటికే దాన్ని చూసింది.

“నేను ఆట చూళ్ళేదమ్మా. చూడనిది ఎట్టా రాయను? అందుకని అందరి ఫోన్లలో ఉన్న ఆ వీడియో చూశా. యాభైసార్లు చూసుంటా. మా పిల్ల కాళ్ళు పట్టుకోబోయే ముందు నువ్వు ఒకసారి పక్కకు చూశావు. మళ్ళీ మా పిల్ల వంక చూసి, అప్పుడు పట్టుకున్నావు. పగబట్టినవాళ్ళు పక్కకు చూడరు. ఎవరి వంక చూశావు తల్లీ?”



నగ్మా తల్లి వంక చూడకూడదని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక్కసారి చూస్తే చాలు, అదే జవాబవుతుంది.

“నీ మీద రాయాలంటే నాకు చెయ్యి రావట్లేదు. ఎవరన్నా చేయమన్నారా? చేయమంటే చెప్పు. చేయమన్నవాళ్ళ మీదే రాస్తా.”

“నేను నేర్పానమ్మా!”

బుడాన్ గొంతు అంత పెద్దగా వచ్చేసరికి ఆయనే ఉలిక్కిపడ్డాడు.

“టిక్కీ దించే పట్టు నేను చూపించా. పత్తి మీద నేర్పమని నేను చెప్పా. ఆ రోజు జనంలో నేనున్నా. ఇట్టా,” కుడి భుజం మీద రెండుసార్లు చరుచుకున్నాడు. “ఇట్టా కొట్టుకుంది. బస్తా వేయించుకునేటప్పుడు మేం చేసేది. ఆటలో మాత్రం దించెయ్ అని దానికి అర్థం.”

“ఎవరు కొట్టుకుంది?”

బుడాన్ భార్య వంక చూశాడు. బతిమాలుతున్నట్టు ఉంది ఆ చూపు. చెప్పేయ్, నీ నోటితో నువ్వే చెప్పేయ్, నాతో చెప్పించకు.

పేరమ్మ కూడా తిరిగి చూసింది.

నసీమున్నీసా చెప్పాలనే అనుకుంది. ఆ క్షణంలో ఆమె మనసులో ఉన్నది అదే. కానీ ఇరవై ఏళ్ళుగా రిఫరీ వేలు చూపించినప్పుడల్లా ముందు ‘కాదు’ అనేసి, తరువాత ఆలోచించే నోరు అది. గీత తొక్కినా కాదు, కూత తెగినా కాదు. ఒప్పుకున్న కోచ్ ఓడిపోయిన కోచ్ అని ఇరవై రెండు మంది పిల్లలకూ ఆమే నూరిపోసింది.

“చెమట తుడుచుకున్నా,” అంది. “అంతే.”

అనేశాక ఆమెకే వినబడింది తానేమన్నదో. నాలిక కొరుక్కుంది. మాట మాత్రం గది మధ్యలో పడిపోయింది.

“అబద్ధం,” అన్నాడు బుడాన్, తనలో తాను అనుకున్నట్టు.

పేరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మొగుడొకటీ పెళ్ళామొకటీ చెప్తుంటే ఎవరిని నమ్మాలి? చివరకు నగ్మా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

“నువ్వు చెప్పమ్మా. నువ్వు ఏది చెప్తే అదే నమ్ముతా. చెమటా, సైగా?”

నగ్మా కళ్ళు తెరిచింది. తల్లిని చూసింది. ఎంతోసేపు చూసినట్టు అనిపించింది గానీ, ఆట చివరి నిమిషంలో గీత వైపు చూసినంత సేపే. నసీమున్నీసా రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి. భుజం మీదికి చెయ్యి పోలేదు. ఏ సైగా లేదు.

“మేడమ్ చెమట తుడుచుకున్నారండీ,” అంది నగ్మా. “నేనే పొరపాటుగా అనుకున్నాను. చేసింది నేనే.”

ఆ ఇంట్లో ‘మేడమ్’ అన్న మాట ఎవరి చెవినా పడి ఎరగదు. బుడాన్ గోడ పట్టుకున్నాడు.

పేరమ్మ ఆ పిల్ల గడ్డం మీంచి చెయ్యి తీసింది. “నిజమేనా?”

“నిజమేనండీ.”

“సరే తల్లీ. నేనూ అట్టాగే రాస్తా.” లేచి సంచి తీసుకుంది. గడప దాకా పోయి ఆగింది, ఇంకెవరైనా ఏదైనా అంటారేమోనని. ఎవరూ అనలేదు. చెప్పులు తొడుక్కుని, గేటు మళ్ళీ జాగ్రత్తగా వేసి, ఎండలో బస్టాండు వైపు నడిచింది.

నగ్మా మంచం కిందికి వంగి కాగితం తీసింది. దుమ్ము దులిపింది. ఇట్లు అన్నచోట సంతకం పెట్టి, మడత పెట్టకుండా బల్ల మీద, నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. బస్టాండు ఎంత దూరమని, నాలుగు వీధులు. పరిగెత్తితే పది నిమిషాలు చాలు. నసీమున్నీసా ఒకప్పుడు జిల్లాలోనే వేగంగా పరిగెత్తే మనిషి.

“నగ్మా,” అంది నసీమున్నీసా. “నగ్మా, అమ్మా...”

ఆ పిల్ల లేచి నిలబడింది. మడమలు రెండూ దగ్గరకు చేర్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆటకు ముందు వరుసలో నిలబడినట్టు నిటారుగా నిలబడింది.

“చెప్పండి, మేడమ్.”